పోస్ట్‌గ్రెస్‌లో తేదీ, సమయం కాలమ్ రకాలు: ఒక సమీక్ష

తేదీలనూ సమయాలనూ భద్రపరచడానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇచ్చే కాలమ్ రకాలు నేను వాడినవాటిలో అత్యంత నమ్మదగినవి. అయితే ఒక విషయంలో మాత్రం అది ప్రమాదకరమైన మౌనం వహిస్తుంది.

టేబుల్ సృష్టించేటప్పుడు టైమ్‌స్టాంప్ (తేదీ, సమయం కలిపి దాచే రకం) అని మాత్రమే రాస్తే, డేటాబేస్‌ల భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణాన్ని అనుసరించి టైమ్ జోన్ లేని రకం వస్తుంది. ఆ కాలమ్‌లోకి '2024-03-10 09:00:00+02:00' అనే విలువను పంపితే, చివరనున్న, టైమ్ జోన్ తేడాను తెలిపే +02:00 భాగాన్ని ఏ హెచ్చరికా లేకుండా విడిచిపెట్టి, తొమ్మిది గంటలని మాత్రమే నమోదు చేస్తుంది. ఇలా పోయిన సమాచారాన్ని తర్వాత ఆ కాలమ్ నుంచి తిరిగి రాబట్టే మార్గం లేదు. కనీసం ఒక హెచ్చరికైనా ఇచ్చి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

టైమ్ జోన్‌తో కూడిన రకం వచ్చిన సమయాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోకి మార్చి దాచి, చదివేటప్పుడు సెషన్‌లో, అంటే డేటాబేస్‌తో అప్పుడున్న కనెక్షన్‌లో, అమర్చిన జోన్‌లో చూపిస్తుంది. రెండు రకాలకూ పట్టేది 8 బైట్లే కనుక స్థలం ఆదా అనే వాదన నిలవదు. చెల్లింపు, లాగిన్ వంటి జరిగిపోయిన సంఘటనలకు జోన్‌తో కూడిన ఈ రకమే సరైన ఎంపిక. కానీ మొదట ఏ జోన్‌లో ఇచ్చారన్నది ఇందులో నిలవదు. అందువల్ల వచ్చే ఏడాది ఒక నగరంలో ఉదయం తొమ్మిదికి జరగాల్సిన సమావేశాన్ని ఇలా దాచితే, ఈలోగా అక్కడి ప్రభుత్వం కాలమాన నిబంధనలను మార్చినప్పుడు అది ఎనిమిదికో పదికో జరిగిపోతుంది. అటువంటి చోట స్థానిక సమయాన్ని జోన్ లేని రకంలో ఉంచి, జోన్ పేరును మరో కాలమ్‌లో రాయడం మేలు.

పుట్టినరోజుకు 4 బైట్ల డేట్ రకం చాలు. తేదీ లేకుండా సమయాన్నీ జోన్‌నూ మాత్రమే దాచే టైమ్ విత్ టైమ్ జోన్ రకాన్ని వాడవద్దని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే సూచిస్తోంది.

నన్ను నిజంగా ఆకట్టుకున్నది కాలవ్యవధిని దాచే ఇంటర్వల్ రకం. నెలలు, రోజులు, మైక్రోసెకన్లను అది విడివిడిగా దాస్తుంది కాబట్టి, 2024 జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 29 వస్తుంది. వేసవి కాలమానం కోసం గడియారాన్ని జరిపే ప్రాంతాల్లో ఒక రోజు కలపడమూ 24 గంటలు కలపడమూ వేర్వేరు ఫలితాలనిస్తాయి. ఈ భేదాన్ని పాటించడం ఎంతో విలువైన గుణం.

మరో డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్‌లోని టైమ్‌స్టాంప్ 2038 జనవరి 19తో ఆగిపోతుంది. అక్కడి డేట్‌టైమ్ 9999 దాకా వెళ్లినా జోన్‌ల మార్పిడి చేయదు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ పరిమితి క్రీ.శ. 294276 వరకు ఉంది.

ఇప్పటికే జోన్ లేని రకాన్ని ఎంచుకున్నవారు దాన్ని మార్చవచ్చు. కానీ పాత విలువలు ఏ జోన్‌వో ఆ మార్పు ఆదేశంలోనే స్పష్టంగా చెప్పాలి, లేకపోతే అవన్నీ సెషన్ జోన్‌వేనని పోస్ట్‌గ్రెస్ భావిస్తుంది.