జేబులో నోటా, ఫోన్‌లో యూపీఐనా?

రైతుబజారులో ఇరవై రూపాయల కొత్తిమీరకు కూడా స్కానరు కోడ్ వేలాడుతోంది. 2016లో యూపీఐ మొదలయ్యాక చిల్లర గొడవ చాలామటుకు పోయింది. చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టే రోజులు తగ్గాయి, అదొక్కటి చాలు నాకు.

మరి నోటు పని అయిపోయిందా? లెక్కలు అలా చెప్పడం లేదు. 2016 మార్చిలో చలామణిలో ఉన్న కరెన్సీ సుమారు 16.4 లక్షల కోట్లు. 2024 మార్చికి అది 34 లక్షల కోట్లు దాటింది. రోజువారీ ఖర్చు ఫోన్‌లోకి మారినా, ఆపదకని బీరువాలో దాచేది నోటే.

బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుకు వ్యాపారి రుసుము కట్టక్కర్లేదు. కానీ ప్రతి రూపాయికీ జాడ ఉంటుంది. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ రాబడి చూసి చిరువ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. వెంటనే బెంగళూరులో కొన్ని దుకాణాల ముందు ‘నగదు మాత్రమే’ అనే బోర్డులు వెలిశాయి. పన్ను ఎగ్గొట్టమని కాదు గానీ, లెక్కలు రాసుకోని చిన్న కొట్టువాడి భయం నాకు అర్థమవుతుంది.

ఇక బ్యాంకు సర్వరు మొరాయిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెనక క్యూ పెరుగుతుంది. నోటుకు సిగ్నలూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. పోతే మాత్రం పోయినట్టే. మోసగాడికి ఫోన్‌లో పంపిన డబ్బైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆగే అవకాశమైనా ఉంది.

నేనైతే కూరగాయలకు, ఆటోకు యూపీఐ. ఊరికి బయల్దేరితే పర్సులో నాలుగు ఐదొందల నోట్లు.