ఒసాకాలో పాత జీన్స్ కొంటున్నారా? ముందు లోపలి వైపు తిప్పి చూడండి

జపాన్‌లోని ఒసాకా వెళ్తున్నవాళ్లు, అందులోనూ అక్కడి పాతబట్టల పేట అమెరికామురాలో సెకండ్‌హ్యాండ్ జీన్స్ కొందామని ముందే లిస్టు రాసుకున్నవాళ్లు, ఇది చదివి వెళ్లండి. మొన్న మార్చిలో నేను 38,000 యెన్లు పెట్టి, అంటే మన డబ్బుల్లో సుమారు 22 వేలు, 1960ల నాటి లీవైస్ 501 అని చెప్తే నమ్మి ఒక జత కొన్నాను. అది 60ల నాటిది కాదు. ఇందులో సగం తప్పు నాదే. ఎక్కడ పప్పులో కాలేశానో చెప్తాను.

ఆఫీసు పని మీద కోబెలో రెండు వారాలు ఉన్నాను. శనివారం రైలెక్కి ఒసాకా వెళ్లాను. షిన్‌సాయిబాషిలో దిగి, మిదోసుజి అనే పెద్ద రోడ్డుకి పడమటి వైపు వెళ్తే అమెరికామురా. 1970ల్లో అమెరికా నుంచి తెచ్చిన బట్టల్ని ఇక్కడి గోడౌన్లలో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు, ఆ పేరు అలా వచ్చింది. మధ్యలో త్రికోణం ఆకారంలో చిన్న పార్కు ఉంటుంది. అక్కడ ఒక గంట కూర్చుని తకోయాకి అనే అక్కడి చిరుతిండి తింటూ వచ్చేపోయేవాళ్లని చూడండి, అలా చూడటానికి రూపాయి ఖర్చు లేదు. నా ఎదురుగా ఒకాయన నిలబడ్డాడు, యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ముదురు నీలం జీన్స్, అడుగున రెండు వేళ్ల వెడల్పున మడత. ఆ మడతలో గుడ్డ అంచు వెంబడి సన్నటి ఎర్ర దారం.

మా తాతది మగ్గం పని కాబట్టి నా కళ్లు నేరుగా ఆ అంచు మీదికే పోయాయి. సెల్వెడ్జ్, సెల్వెడ్జ్ అని అందరూ చెప్పుకునేది దాన్నే. నాడె అటూ ఇటూ తిరిగే పాత రకం మగ్గం మీద నేసిన గుడ్డకి దానంతటదే వచ్చే అంచు అది. మన చేనేత చీరకి ఉండేదే. అది చూశాక నాకూ ఒకటి కావాలనిపించింది.

షాపు ఒక ఇరుకు మెట్ల దారిలో రెండో అంతస్తులో ఉంది. రోడ్డు మీద చెయ్యి పట్టుకుని లాగే బాపతు కాదు. అబ్బాయి చాలా మర్యాదస్తుడు, మంచినీళ్లు కూడా ఇచ్చాడు. వెనక జేబు పక్కన ఉండే ఎర్ర పట్టీ చూపించి, "బిగ్ ఈ, ఒరిజినల్" అన్నాడు. ఆ పట్టీ మీద కంపెనీ పేరులోని ఈ అక్షరం 1971 వరకు పెద్దబడిలో ఉండేది, తర్వాత చిన్నబడికి మార్చారు. ఈ ఒక్క ముక్క నాకు వీడియోల్లో చూసి తెలుసు. అదే కొంప ముంచింది. ఏమీ తెలియకపోతే భయపడి కొనేవాణ్ణి కాదు.

రాత్రి హోటల్లో లోపలి వైపు తిప్పాను. ఎడమ పక్క కుట్టు వెంబడి, నడుముకి కాస్త కిందుగా, వరసగా సూది రంధ్రాలు. ఒక రంధ్రంలో తెల్ల దారం ముక్క ఇంకా ఇరుక్కుని ఉంది. ఉతికే పద్ధతి రాసిన లేబుల్ అక్కడ ఉండేది, జాగ్రత్తగా కత్తిరించేశారు. 60ల జీన్స్‌కి లోపల అలాంటి లేబులే ఉండదు. ఇక పై బొత్తాం వెనక 555 అని ముద్ర. అది శాన్‌ఫ్రాన్సిస్కోలో వాలెన్షియా వీధి ఫ్యాక్టరీ నంబరు. 2002లో మూతపడిన ఆ ఫ్యాక్టరీ, కంపెనీ తన పాత మోడళ్లని, ఆ పెద్ద ఈ పట్టీతో సహా, మళ్లీ తెచ్చినప్పుడు వాటిని కుట్టింది. అదీ పారేసే సరుకు కాదు, వెతుక్కుని కొనేవాళ్లున్నారు. కానీ అరవైల ధర పెట్టి కొనేది మాత్రం కాదు.

మర్నాడు వెళ్తే అదే అబ్బాయి, అదే మర్యాద. రసీదు అడుగున ముద్ర చూపించాడు: "హెంపిన్ ఫుకా", వాపసు లేదు. ఒరిజినల్ అన్నావు కదా అంటే, అలా అన్లేదన్నాడు. రసీదులో వస్తువు పేరు దగ్గర ఏం రాశాడో ఫోన్లో అనువాదం చేసి చూసుకున్నా. "బట్టలు" అని ఉంది, అంతే.

నాకు ఒళ్లు మండింది ఎందుకంటే, పాత అమెరికన్ జీన్స్‌ని దారంతో సహా తిరిగి తయారు చేసి, తమ సొంత పేరు మీద నిజాయితీగా అమ్మింది ఈ ఊరివాళ్లే. 1979లో స్టూడియో డార్టిజాన్, 1991లో ఎవిసు, 1995లో వేర్‌హౌస్, అన్నీ ఒసాకాలో పుట్టినవే. అలాంటి కొత్త జత కొనుక్కుని ఉంటే నా డబ్బుకి విలువ ఉండేది.

మీరు ఇలా చేయండి. "ఫుక్కొకు" అన్న మాట గుర్తు పెట్టుకోండి, పాత మోడల్‌ని మళ్లీ తయారు చేసింది అని దానర్థం. "ఫుక్కొకు దెస్‌కా?" అని సూటిగా అడగండి. కాదంటే, ఏ కాలానిదో రసీదు మీద రాసిమ్మనండి. రాయనంటే బయటికి వచ్చేయండి. అబద్ధం చెప్పి అమ్మితే బేరం రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టంలో ఉంది, కానీ నోటిమాటకి రుజువేది? కూలింగ్ ఆఫ్, అంటే కొన్న కొద్ది రోజుల్లో మనసు మార్చుకుని బేరం రద్దు చేసుకునే వీలు, షాపులో స్వయంగా కొన్నవాటికి వర్తించదు. పాత వస్తువులు అమ్మేవాళ్లు ముదురు నీలం మీద తెల్ల అక్షరాలున్న చిన్న లైసెన్సు ప్లేటు కనిపించేలా పెట్టాలి, కౌంటర్ దగ్గర అది ఉందో లేదో చూడండి. గొడవైతే జపాన్ జాతీయ వినియోగదారుల కేంద్రం టూరిస్టుల కోసం ఇంగ్లీషులో మాట్లాడే హెల్ప్‌లైన్ నడుపుతోంది.

ధర చీటీ మీద "జేనుకి" అంటే దానిపైన 10 శాతం పన్ను పడుతుంది, "జేకోమి" అంటే కలిపే ఉంది. కార్డు మెషిన్ రూపాయలా యెన్లా అని అడిగితే యెన్లే నొక్కండి. వాళ్ల ఎల్ సైజు మన ఎం లాగా ఉంటుంది, వేసుకుని చూడకుండా కొనొద్దు.

షాపు పేరు అడగొద్దు. రుజువు లేకుండా రాయడం నాకు ఇష్టం లేదు, దారిలో ఇంకో పది షాపులు మంచివే కనిపించాయి. సూది రంధ్రాలు, బొత్తాం ఫోటోలు నా దగ్గరున్నాయి, పోల్చి చూసుకోవాలంటే చెప్పండి, పంపిస్తా.