188 డాలర్ల బాజీ రిపోర్టు: లేని 'ఢీ' చూపించి రాయి అంటగడుతున్నాడు, జాగ్రత్త

సింగపూర్ తెలుగు గ్రూపుల్లో "ఎలుక, గుర్రం ఢీకొంటే సంసారం గోవిందా" అని వీడియోలు వదిలే పెద్దమనిషి ఎవరో మీకు చెప్పక్కర్లేదు. మా ఆవిడ బాజీకి, అంటే పుట్టిన సమయాన్ని బట్టి చెప్పే చైనా జాతకానికి, ఆయనకే 188 డాలర్లు సమర్పించుకున్నా. ఈ లెక్కలు వచ్చి ఉండి కూడా! నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

పుట్టింది సింగపూర్‌లో, 1985 ఫిబ్రవరి 10, గడియారం ప్రకారం పగలు 11:40. ఆయన వేసిన నాలుగు స్తంభాలు, అంటే పుట్టిన ఏడాది, నెల, రోజు, గంటలకి ఒక్కో జంతువు: ఏడాది ఎలుక, నెల పులి, రోజు డ్రాగన్, గంట గుర్రం. ఎలుక నీరు, గుర్రం నిప్పు, రెంటికీ 'ఢీ' (నేరుగా విరోధం), గంట స్తంభం పిల్లలది, కాబట్టి పిల్లలకి గండం. 388 డాలర్ల నల్లరాయి కొనాలట.

బాజీలో ఏడాది మారేది లీ చున్‌తో, అంటే చైనా లెక్కలో వసంతం మొదలయ్యే రోజుతో, ఫిబ్రవరి 4 ప్రాంతంలో. మన సంక్రమణాల్లాగే సూర్యుణ్ణి బట్టి. ఆ ఏడు చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 20న వచ్చింది, ఈయన దాన్ని పట్టుకుని ఎలుక అన్నాడు. అసలు ఎద్దు. నెలకి మాత్రం లీ చున్ లెక్కే వాడి పులి వేశాడు! ఒక్క చార్టులో రెండు క్యాలెండర్లు.

ఇక గంట. దీన్ని గడియారంతో కాదు, ఆ ఊరి సూర్యకాలంతో చూడాలి. సింగపూర్ గడియారం 1982 నుంచి 120 డిగ్రీల రేఖాంశానిది, ఊరేమో 103.8 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 65 నిమిషాలు తగ్గాలి, ఫిబ్రవరి రెండో వారంలో సూర్యుడి ఆలస్యం ఇంకో 14. అంటే 10:21. ఒక్కో జంతువుకి రెండేసి గంటలు, గుర్రం గంట 11కి గానీ మొదలవదు, అప్పటికింకా పామే. సరే, సూర్యకాలం పట్టించుకోని గురువులూ ఉన్నారు. అలా చూసినా ఎద్దు, గుర్రం మధ్య ఉండేది 'హాని' అనే వేరే రకం పేచీ, ఢీ కాదు.

ఢీ జంటలు ఆరే: ఎలుక-గుర్రం, ఎద్దు-మేక, పులి-కోతి, కుందేలు-కోడి, డ్రాగన్-కుక్క, పాము-పంది. ఎద్దు, పులి, డ్రాగన్, పాములో ఒక్క జంటా లేదు. పులికీ పాముకీ ఉన్న 'శిక్ష' పేచీ గురించి రిపోర్టులో ముక్క లేదు.

పోనీ ఆయన చార్టే నిజమనుకుందాం. ఏడాది, గంట స్తంభాలు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. అంత దూరం నుంచి ఢీకి బలం తక్కువ. మధ్యలో పులి, అంటే కొయ్య. నీరు చెట్టుని పెంచుతుంది, చెట్టు మంటకి ఆహారం. తగువు తీర్చే మధ్యవర్తి ఇంట్లోనే ఉన్నాడు. నలుపు నీటి రంగు, ఆ రాయి కొంటే కొట్లాటలో ఒకడి చేతికి కర్ర ఇచ్చినట్టే.

ఇదంతా మర్యాదగానే, 'గురువుగారూ' అంటూనే వాట్సాప్‌లో అడిగా. నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాలకి జవాబు: "బ్రదర్, గూగుల్ చూసొచ్చి నాకు పాఠాలా? రాయి తీసుకోకపోతే రేపు పిల్లలకి ఏమన్నా అయితే నన్ను అడగొద్దు." మరుక్షణం బ్లాక్. పిల్లల పేరెత్తి బెదిరిస్తాడా! డబ్బు పోతే పోయింది, ఆ మాటే ఇంకా మండుతోంది.

ఆ, చెప్పడం మరిచా. ఎవరికైనా కట్టేముందు ఏడాది ఏ తేదీకి మారుస్తారో, గంటకి రేఖాంశం సవరిస్తారో లేదో అడగండి. ఈయన్ని అడిగితే ఎలాగూ బ్లాకే.