పాత లేత్‌కు ఎపాక్సీ ప్రైమర్, ఎనామిల్ పూత: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఇంటి గ్యారేజీలో ఉన్న పాత లేత్‌కూ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) డ్రిల్లింగ్ మెషీన్‌కూ రంగు పూర్తిగా ఒలిచి, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ (అడుగు పూత) వేసి, దానిపై మామూలు ఆల్కైడ్ ఎనామిల్‌ను (నూనె ఆధారిత రంగు) బ్రష్‌తో పూసి కొన్నేళ్లయింది. తేడా తెలుసుకోవాలని బెంచ్ గ్రైండర్‌కు మాత్రం ప్రైమర్ లేకుండా నేరుగా అదే ఎనామిల్ వేశాను. నూనె, వేడి రజను, కూలెంట్ (కోతలో లోహాన్ని చల్లబరిచే ద్రవం) రోజూ తగిలే చోట ఇంతకాలం వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: పూత మన్నిక పైరంగు కంపెనీని బట్టి ఉండదు, దాని కింద జరిగిన శుభ్రతను బట్టీ ప్రైమర్‌ను బట్టీ ఉంటుంది.

ఒలిచే పనికి ముందు సీసం సంగతి తేల్చుకోవాలి. అమెరికాలో ఇళ్లలో వాడే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించినా, పరిశ్రమల యంత్రాల పూతలకు ఆ నిషేధం వర్తించలేదు. కాబట్టి యంత్రం తయారైన సంవత్సరం చూసి ధైర్యపడడానికి వీల్లేదు. సీసం ఉందన్న అనుమానం ఉన్నా పొడిగా గరుకు కాగితం రుద్దడం, గ్రైండర్‌కు వైర్ బ్రష్ బిగించి గీకడం మానుకోవాలి. హీట్ గన్‌ను బాగా పెంచితే సీసం పొగగా లేస్తుంది. నేను ఎక్కువ భాగం జెల్ రూపంలో ఉండే స్ట్రిప్పర్‌తోనే (రంగును వదిలించే రసాయనం) ఒలిచాను. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రకాలు వేగంగా పనిచేస్తాయి, కానీ వాటి ఆవిరి గాలికన్నా బరువైనది కావడంతో మూసిన గదిలో కింద పేరుకుంటుంది, ప్రాణం తీసిన సందర్భాలూ ఉన్నాయి. బెంజైల్ ఆల్కహాల్ రకం నిదానస్తురాలు. దట్టంగా పూసి, ప్లాస్టిక్ పొర కప్పి, రాత్రంతా వదిలేస్తే మరునాటికి రంగు పొరలు పొరలుగా స్క్రేపర్‌కు వచ్చేస్తుంది. తొందర లేని ఇంటి పనికి అదే చాలు.

కాస్టిక్ సోడా చవకైన మార్గమే గాని, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. మోటారు మూతలు, పుల్లీలు, పేరు పలకలు విప్పి పక్కన పెట్టకుండా ఆ డబ్బా మూత తీయకూడదు. చిన్న ఇనుప భాగాల తుప్పుకు వాషింగ్ సోడా నీటిలో విద్యుత్తు పంపే పద్ధతి చక్కగా పనిచేసింది; అందులో స్టెయిన్‌లెస్ స్టీలును ఆనోడ్‌గా (ధన ధ్రువంగా) వాడితే విషపూరితమైన క్రోమియం ద్రావణంలోకి దిగుతుంది, హైడ్రోజన్ వెలువడుతుంది గనుక తలుపు తెరిచే ఉంచాలి. ఇసుకతో కొట్టించడం నాకు నచ్చని పద్ధతి. లేత్ బెడ్ మీద, స్లైడ్ల మీద (నున్నగా జారే భాగాలు) ఒక్క రేణువు నిలిచిపోయినా అది రంగుతో సరిదిద్దగలిగే నష్టం కాదు.

పాత యంత్రాల రంగు కింద పోత గరుకుదనాన్ని కప్పడానికి కర్మాగారంలోనే మందంగా పుట్టీ పెట్టేవారు. గట్టిగా అతుక్కున్న పుట్టీని నేను ముట్టుకోలేదు, తట్టినప్పుడు డొల్లగా పలికిన చోట మాత్రమే తీశాను.

అసలు శ్రమ నూనె తీయడంలో ఉంది. పోత ఇనుము సూక్ష్మరంధ్రాల్లో ఏళ్ల తరబడి నూనె ఇంకి ఉంటుంది. పైన తుడిచినంత మాత్రాన పోదు. హీట్ గన్‌తో గోరువెచ్చగా చేస్తే నూనె చెమటలా పైకి వస్తుంది, దాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచి మళ్లీ వేడి చేయాలి (థిన్నర్ తడి ఆరనిదే హీట్ గన్ దగ్గరకు తేకూడదు). ఆఖరున నీరు చల్లి చూస్తే, అది బొట్లు కట్టకుండా పొరలా పరుచుకుంటేనే శుభ్రమైనట్టు. వెంటనే ఆరబెట్టి, ఆ రోజే ప్రైమర్ వేయాలి, లేదంటే తేమకు పలచని తుప్పు పట్టేస్తుంది.

ఎపాక్సీ ప్రైమర్ విషయంలో డబ్బాపై రాసిన సమయాలను అక్షరాలా పాటించాలి. పైపూతకు ఇచ్చిన గడువు దాటితే గరుకు చేయకుండా రంగు వేస్తే ఊడుతుంది. చేతికి తగిలితే అలర్జీ తెచ్చే పదార్థం కాబట్టి నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. పాలీయురెథేన్ పైరంగు ఇంతకన్నా గట్టిదని ఒప్పుకుంటాను, కానీ దాని హార్డెనర్‌లోని (గట్టిపడేందుకు కలిపే భాగం) ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉబ్బసం తెస్తాయి. బయటి గాలిని గొట్టంతో అందించే ముసుగు లేకుండా ఇంట్లో స్ప్రే చేయడాన్ని నేను సమర్థించను.

ఎనామిల్ ఒక రోజులో చేతికి అంటకపోయినా, పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా భాగాలు బిగించకూడదు, బిగిస్తే ఒకదానికొకటి అంటుకుపోతాయి.

ఇప్పటి పరిస్థితి చెబుతాను. గ్రైండర్ అంచుల దగ్గర రంగు పెచ్చులుగా లేచింది, కింద తుప్పు పాకింది. లేత్ హెడ్‌స్టాక్ (తిరిగే ఇరుసు ఉండే తలభాగం), కాళ్లు కొత్తలో ఉన్నట్టే ఉన్నాయి. చక్ (పనిముక్కను పట్టే భాగం) బిగించే తాళం తగిలి పైరంగు ఎగిరిన చోట కూడా ప్రైమర్ కదల్లేదు. ఆ మచ్చలను బ్రష్‌తో సరిదిద్దడం చిటికెలో పని. లేత బూడిద రంగు ఎంచుకోవడం వల్ల నూనె ఎక్కడ కారుతోందో వెంటనే కనబడుతుంది. అయితే వెలుతురు సోకని బెల్టు మూత లోపలివైపు ఆ రంగు పసుపు తిరిగింది, ఆల్కైడ్ స్వభావమే అది. పూర్తిగా ఓడిపోయింది కూలెంట్ తొట్టె ఒక్కటే: నీటిలో కలిపే కూలెంట్‌కు క్షారగుణం ఉంటుంది, అది ఆల్కైడ్‌ను మెల్లగా మెత్తబరిచి గోటితో గీకితే వచ్చేలా చేసింది. తొట్టెకు ఎనామిల్ పూర్తిగా తీసేసి, పైపూత కూడా ఎపాక్సీదే వేశాను. ఎపాక్సీ ఎండకు సుద్దలా రాలుతుందన్న పేరుంది గాని, గ్యారేజీ లోపల ఆ భయం లేదు.