చెజెనాతికోలో ఆరు వేసవులు: ఇంటికన్నా ముందు గొడుగు చూసుకోండి

ఇటలీ సముద్రం అనగానే అందరిలాగే మేమూ ఫొటోలు చూసి 2018లో చింక్వె తెర్రె అనే ఐదు ఊళ్ల తీరానికి వెళ్లాం. అప్పటికి పెద్దవాడికి మూడేళ్లు, చిన్నదానికి ఆరు నెలలు. కొండ అంచున రంగురంగుల ఇళ్లు, కింద నీలం నీళ్లు, అన్నీ ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి. ఫొటోలో లేనివి మెట్లు. స్ట్రోలర్ మావారు మోశారు, చంటిదాన్ని నేను మోశాను, తననెవరూ మొయ్యట్లేదని పెద్దవాడు ఏడ్చాడు. ఆ ఐదు ఊళ్లలో చెప్పుకోదగ్గ బీచ్ మొంతెరొస్సోలోనే ఉంది, మిగతాచోట్ల బండల మీద తువ్వాలు పరుచుకోవాలి. మూడో రోజుకే మిలన్ తిరిగొచ్చేశాం. ఊళ్ల తప్పేం లేదు. పెళ్లయిన కొత్తలో వెళ్లాల్సిన చోటికి చంటిపిల్లతో వెళ్లాం, అంతే.

మరుసటి ఏడాది ఆఫీసులో బొలోన్యా ఆవిడ ఒకరు "పిల్లలున్నారుగా, రొమాన్యా తీరానికి వెళ్లండి, ఇంకేం వెతకొద్దు" అన్నారు. అలా 2019లో చెజెనాతికో మొదలైంది. కోవిడ్ వచ్చిన 2020 తప్ప ప్రతి వేసవీ అక్కడే. ఆరుసార్లు వెళ్లొచ్చాక రాస్తున్నాను కాబట్టి మొదటిసారి మురిపెం ఇందులో లేదు. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్కటీ ఎక్కడ కోసానో కూడా చెప్తాను.

ఊరు ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, రిమినీకి కాస్త పైన ఉంది. ఇటలీకి తూర్పు తీరం కాబట్టి మన కోస్తాలోలాగే సూర్యుడు నీళ్లలోంచే పైకొస్తాడు. మెత్తటి ఇసుక, వెడల్పాటి బీచ్. నీళ్లలోకి చాలా దూరం నడిచినా నాకు నడుము దాటదు. ఈ తీరంలో చాలాచోట్ల ఇసుక కొట్టుకుపోకుండా ఒడ్డుకి కాస్త దూరంలో రాళ్ల గట్లు వేశారు, అవి అలల జోరు తగ్గిస్తాయి. మా అత్తయ్యది కాకినాడ. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లని మింగడం కళ్లారా చూసిన మనిషి. 2022లో ఆవిడ వచ్చినప్పుడు కాసేపు అలా నిలబడి చూసి, "ఇదేం సముద్రమమ్మా, మన ఊరి చెరువే నయం" అన్నారు. కానీ ఆ చెరువులోనే చీర కుచ్చెళ్లు దోపుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని రోజూ గంటసేపు నడిచారు. వైజాగ్ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని మోకాలు లోతుకి కూడా పంపనివ్వరు ఆవిడ.

ఇప్పుడు అసలు సంగతి, గొడుగు. కొత్తగా వెళ్లేవాళ్లు ఇల్లు బుక్ చేసుకుని పనైపోయిందనుకుంటారు. మేమూ అనుకున్నాం. ఇక్కడ బీచ్ ప్రభుత్వానిదే అయినా చాలా భాగం ముక్కలుగా లీజుకిచ్చేశారు. ఒక్కో ముక్కని బాన్యో అంటారు, ఒక్కోదానికి నంబరో పేరో ఉంటుంది. అక్కడ వరసల్లో గొడుగులు, ఒక్కో గొడుగు కింద రెండు పడక కుర్చీలు. స్నానాల గది, పిల్లల ఉయ్యాలలు, చిన్న కాఫీ బార్, అన్నీ ఆ బాన్యోవే. సముద్రానికి దగ్గరి వరస ఖరీదు, వెనక్కి వెళ్లేకొద్దీ చవక. మొదటి ఏడాది మేం ఆదివారం పదింటికి తీరిగ్గా వెళ్లాం. మూడు బాన్యోల్లో ఖాళీ లేదన్నారు. ఉచిత బీచ్ ఉంది, కానీ నీడ లేదు, స్నానాల గది దగ్గర్లో లేదు. అలల అంచున సొంత గొడుగు పాతుకుందామా అంటే అదీ కుదరదు. నీటి అంచునుంచి ఐదు మీటర్ల మేర అందరూ నడవడానికి వదలాలి.

అప్పట్నుంచి మా పద్ధతి ఇది. మార్చిలో బాన్యోకి ఫోన్ చేసి ముందు గొడుగు ఖాయం చేసుకుంటాం, తర్వాత దానికి నడిచివెళ్లే దూరంలో ఇల్లు వెతుకుతాం. మొదటి వరస కోసం ఎగబడక్కర్లేదు. ముందు వరసలో గాలికి ఇసుక కళ్లల్లో పడుతుంది, దారిన పోయేవాళ్లంతా మీ టిఫిన్ డబ్బాలోకి చూస్తారు. పిల్లలున్నవాళ్లకి ఉయ్యాలల దగ్గరి వరస బంగారం. జూన్‌లో వెనక వరస గొడుగుకి 2019లో వారానికి 110 యూరోలు ఇచ్చాం, 2025లో అదే వరసకి 160 అయింది. వారానికి తీసుకుంటే రోజువారీ లెక్కకన్నా తక్కువ పడుతుంది. సాయంత్రం బొమ్మలు, బకెట్లు గొడుగుకి తగిలించి వచ్చేసినా మర్నాడు అక్కడే ఉంటాయి. ఆరేళ్లలో ఒక్క బకెట్టూ పోలేదు.

జూన్ అని ఊరికే అనలేదు. ఇటలీలో చాలాచోట్ల బడులు జూన్ మొదటి పదిరోజుల్లోనే మూసేస్తారు. కానీ ఆఫీసులవాళ్లు సెలవు పెట్టేది ఆగస్టులో. ఈ మధ్యలో ఉన్న జూన్ రెండో సగమే మనది. ఆగస్టు 15 ఇక్కడ ఫెర్రగోస్తో, దేశమంతా సముద్రం ఒడ్డునే ఉంటుంది. 2021లో మావారి సెలవు కుదరక ఆగస్టు శనివారం బయల్దేరాం. రద్దీ రోజులకి ఇక్కడ ముందే గుర్తులు వేస్తారు, మరీ ఘోరమైన రోజు నల్ల చుక్క. మేం బయల్దేరింది సరిగ్గా ఆ నల్ల చుక్క రోజే. సుమారు 300 కిలోమీటర్ల దారికి ఏడు గంటలు పట్టింది, దారిలో చిన్నది రెండుసార్లు కక్కుకుంది. అప్పట్నుంచి రైలే. మిలన్ నుంచి రిమినీ వరకు ఫాస్ట్ ట్రైన్, అక్కడ దిగి రవెన్నా వైపు లోకల్. ఊళ్లో ఎలాగూ సైకిళ్లే.

కారులో వెళ్లేవాళ్లకి ఒక్క మాట. పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ (అనుమతి ఉన్న బళ్లకే ప్రవేశం) అని బోర్డు కనిపిస్తే లోపలికి పోకండి. కెమెరా పట్టేస్తుంది. దారిలో ఒక ఊళ్లో ఐస్‌క్రీమ్ కోసం ఆగిన పాపానికి మాకు నాలుగు నెలల తర్వాత జరిమానా కాగితం వచ్చింది. ఆ ఐస్‌క్రీమ్ గొప్పగా కూడా లేదు. పార్కింగ్ గీతల్లో తెల్లవి ఉచితం, నీలివి డబ్బులు కట్టాలి, పసుపువి మనవి కావు.

ఇళ్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, జులై, ఆగస్టుల్లో అయితే బతిమాలినా నాలుగు రోజులకి ఇవ్వరు. అద్దె కాక దుప్పట్లకి వేరే, చివరి క్లీనింగ్‌కి వేరే, ఊరి పన్ను వేరే. అన్నీ కలిపి ఎంతో ముందే అడగండి. అడ్వాన్సు కాగితంలో ఏ మాట రాశారో కూడా చూడండి. కపార్రా కన్ఫెర్మతోరియా అని ఉంటే, మనం మానుకుంటే ఆ డబ్బు పోయినట్టే. ఇంటివాళ్లు మాట తప్పితే రెట్టింపు తిరిగివ్వాలి. ఉత్త అక్కోంతో అని ఉంటే అది లెక్కలో జమ మాత్రమే. 2025 జనవరి నుంచి టూరిస్టులకి అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ చిన్ అనే జాతీయ నంబరు ఉండాలి, ప్రకటనలోనూ వెయ్యాలి. నంబరు అడిగితే నసిగేవాళ్లకి డబ్బు పంపకండి.

హోటల్లో మూడుపూటలా భోజనంతో కలిపి తీసుకోవడం ఇక్కడ మామూలే. ఒక ఏడాది మేమూ తీసుకున్నాం. వంట బాధ తప్పింది, కానీ నాలుగో రోజుకి పెద్దవాడు పప్పన్నం అని కలవరించాడు. అత్తయ్య శాకాహారి కాబట్టి 2022 నుంచి వంటగది ఉన్న ఇల్లే. ఆ ఏడాదే పెద్ద తప్పు జరిగిపోయింది. పియదీనా అని ఇక్కడి రొట్టె, మన పుల్కాకి పెద్దన్నలా ఉంటుంది, మధ్యలో మెత్తటి చీజ్, ఆకుకూర పెట్టి మడిచి ఇస్తారు. అత్తయ్యకి ప్రాణం లేచొచ్చి మూడు రోజులు అదే తిన్నారు. నాలుగో రోజు దుకాణంలో గోడమీది పట్టీ చదివితే తెలిసింది, సంప్రదాయంగా ఆ పిండిలో పంది కొవ్వు కలుపుతారని. దాన్ని స్ట్రుత్తో అంటారు. ఆలివ్ నూనెతో చేసినవీ దొరుకుతాయి, "సెంజా స్ట్రుత్తో" అని అడగాలి. ఆ సంగతి అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ ఇది చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

ఇక తగ్గించిన మార్కు. నీళ్లు ఫొటోల్లోలాగా అద్దంలా ఉండవు. ఇసుక సన్నం, పైన పో నది తెచ్చి కలిపే మట్టీ ఎరువూ ఉన్నాయి, అందుకని చాలా రోజులు ఆకుపచ్చగానో మసకగానో ఉంటాయి. 2024లో నీళ్ల మీద నురగలా, జిగటగా తెట్టు కట్టింది. నాచు నుంచి వచ్చేదే, ఒంటికి హాని లేదన్నారు కానీ పిల్లలు ఛీ అని రెండు రోజులు దిగలేదు. సాయంత్రం దోమలు, చారల కాళ్లవి, పగలూ వదలవు. నైరుతి నుంచి గర్బీనో అనే గాలి వీచిన రోజు ఒడ్డున కూడా మన రోహిణీ కార్తే. సముద్రం నెమ్మదిగా ఉంది కదా అని ఏమరుపాటూ పనికిరాదు. ఎర్ర జెండా ఎగిరితే సముద్రం బాలేదనో, కాపాడేవాళ్లు డ్యూటీలో లేరనో అర్థం. ఏదైనా పిల్లల్ని పైకి లాక్కురావడమే.

వాన పడిన రోజుకి దిక్కు ఏమిటంటే, ఊళ్లోనే 1502లో లియొనార్డో డావిన్చీ వచ్చి కొలతలు వేసుకెళ్లిన ఓడరేవు కాలువ ఉంది. దాంట్లో రంగు తెరచాపల పాత పడవలు కట్టి ఉంటాయి. రైలెక్కితే రవెన్నా, పదిహేను వందల ఏళ్ల నాటి మొజాయిక్ గుడులు. పెద్దవాడికి మాత్రం శాన్ మరీనో నచ్చింది, బస్సెక్కి వేరే దేశం వెళ్లొచ్చానని క్లాసులో చెప్పుకోవచ్చట.

మా పక్క గొడుగు మోదెనా నుంచి వచ్చే ముసలావిడది, ఆరేళ్లుగా అదే చోటు. అత్తయ్యకి ఇటాలియన్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా 2022లో మూడు వారాలూ ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించే మాట్లాడుకున్నారని నా నమ్మకం. ఈ మార్చిలో గొడుగు కోసం ఫోన్ చేస్తే బాన్యో పెద్దాయన "మీ పక్క గొడుగు సిన్యోరా అడుగుతోంది, మీ నానమ్మగారు వస్తున్నారా" అన్నాడు. అత్తయ్యకి వీసా అపాయింట్‌మెంట్ ఇంకా దొరకలేదు. గొడుగు కింద మూడో కుర్చీకి మాత్రం డబ్బు కట్టేశాం.