టర్బో అరిగితే: రిపేర్ కిట్టా, కార్ట్రిడ్జా?

డీజిల్ ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో అరిగి ఆయిల్ తాగుతుంటే, ఇంట్లో చేసుకునేవాళ్లకు రెండు దారులు: కిట్ తెచ్చి బేరింగులు, సీల్ రింగులు మార్చడం, లేదా బ్యాలెన్స్ చేసి వచ్చే కార్ట్రిడ్జ్ (షాఫ్ట్, రెక్కల చక్రాలు, బేరింగులు కలిసి ఉండే మధ్య భాగం) మొత్తం బిగించడం.

ఖర్చు: కిట్ చాలా చవక. కార్ట్రిడ్జ్ బాగా ఎక్కువే.

శ్రమ: కార్ట్రిడ్జ్‌కి రెండు హౌసింగులు, అంటే బయటి తొడుగులు, విప్పి బిగిస్తే సరి (తుప్పు బోల్టులు ఎవరినైనా ఏడిపిస్తాయనుకోండి). కిట్‌కి షాఫ్ట్ దాకా వెళ్లాలి. కంప్రెసర్ వీల్ (గాలి నెట్టే రెక్కల చక్రం) నట్ చాలావాటికి ఎడమ మర, తెలియక మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుని షాఫ్టే విరగొచ్చు. విప్పకముందే వీల్, షాఫ్ట్, నట్ మీదుగా ఒకే గీత గీసి, మళ్లీ దానికే కలపాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. లక్ష ఆర్‌పీఎం దాటి తిరిగే షాఫ్ట్ అది, గీత కలిపినంత మాత్రాన బ్యాలెన్స్‌కి గ్యారంటీ లేదు. కార్ట్రిడ్జ్‌తో ఆ టెన్షన్ తక్కువ, బ్యాలెన్స్ రిపోర్టు మాత్రం అడిగి తీసుకోండి. ఆయిల్ పైపు మడ్డి పట్టి ఉంటే ఏది వేసినా మళ్లీ పోతుంది, ముందు దాన్ని మార్చండి, స్టార్ట్ చేసే ముందు టర్బోలో కాస్త ఆయిల్ పోయండి.

రెక్కలు హౌసింగ్‌కి రాసుకోకుండా, షాఫ్ట్ మీద గోరుకు తగిలే గీతలు లేకుంటే కిట్ వేసుకోవచ్చు. రాసుకున్నా, రోజూ దూరాలు తిరిగే బండైనా కార్ట్రిడ్జే. హౌసింగ్ పగిలిందా, రెండూ దండగ.