మకావు పాత నోట్లు కొనేవాళ్లు జాగ్రత్త: ఉతికి ఇస్త్రీ చేసిన నోటు నాకు అంటగట్టారు

పోయిన నెల మకావులో (హాంకాంగ్ పక్కనున్న, ఒకప్పుడు పోర్చుగీసువాళ్లు ఏలిన ఊరు) ఒక పాత నోట్ల దుకాణంలో 1945 నాటి 10 పటాకాల నోటు కొన్నాను. పటాకా అంటే అక్కడి డబ్బు. 3,800 హాంకాంగ్ డాలర్లు, అంటే మన డబ్బుల్లో నలభై వేల పైమాటే. "చేతులు మారని నోటు, బ్యాంకు కట్టలోంచి తీసినట్టే ఉంది" అని చెప్పి అమ్మారు. అది అబద్ధం. నోటు దొంగనోటు కాదు, అసలుదే. కానీ బాగా నలిగిన నోటును నీళ్లలో ఉతికి, నొక్కి ఆరబెట్టి, అంచులు కత్తిరించి కొత్తదానిలా తయారుచేశారు. పోర్చుగీసు పాలన నాటి గోవా రూపియా నోట్లతో మొదలుపెట్టి ఇప్పుడు మకావు వైపు చూస్తున్న మనవాళ్లు నాకు తెలిసే కొందరున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

గోవా నోట్లనూ మకావు నోట్లనూ అచ్చువేయించింది ఒకటే బ్యాంకు, 1864లో లిస్బన్‌లో పుట్టిన బాంకో నాసియోనల్ ఉల్ట్రామరీనో. మకావులో 1902లో శాఖ తెరిచి, 1906లో మొదటి పటాకా నోట్లు విడుదల చేసింది. వీటి మీద పోర్చుగీసుతో పాటు చైనా అక్షరాలు కూడా ఉంటాయి. బ్యాంకు చైనా పేరులో మొదటి మూడు అక్షరాలకు అర్థం 'మహా పశ్చిమ సముద్రం'. అక్కడి చైనావాళ్లు పోర్చుగల్‌ను పిలిచిన పేరు అది. ఒక చిన్న రేవు పట్నం నాలుగు వందల ఏళ్లు రెండు భాషల మధ్య ఎలా బతికిందో ఆ కాగితం మీద కనిపిస్తుంది. నేను ఈ నోట్ల మీద మనసు పడింది అందుకే. అలాంటిదాన్ని సబ్బునీళ్లలో ముంచారంటే డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ బాధగా ఉంది.

దుకాణంలో నోటు దళసరి ప్లాస్టిక్ కవర్‌లో ఉంది. బయటికి తీసి చూస్తానంటే, "చేతి తడి తగిలితే విలువ పడిపోతుంది" అన్నారు. సబబే అనిపించింది. పైనున్న ట్యూబ్‌లైట్ కింద చూస్తే తెల్లగా, నిగనిగలాడుతూ ఉంది. అప్పుడే అనుమానించాల్సింది. మకావు గాలి నిండా తేమ. అక్కడ ఎనభై ఏళ్లున్న కాగితం లేత గోధుమరంగుకు తిరగాలి, మచ్చలు పడాలి. పాలలా తెల్లగా ఉందంటే ఎవరో దాని జోలికి వెళ్లి ఉండొచ్చు.

హాంకాంగ్ తిరిగొచ్చాక కవర్‌లోంచి తీసి, టేబుల్ ల్యాంప్‌ను పక్కకు వంచి, వెలుతురు నోటు మీద అడ్డంగా పడేలా పెట్టాను. గుండె జారిపోయింది. నిలువునా రెండు మడతలు, అడ్డంగా ఒకటి, సన్నని గీతల్లా తేలాయి. నొక్కితే మడత చదును అవుతుంది గానీ, అక్కడ విరిగిన కాగితపు పోగులు మళ్లీ అతుక్కోవు. నా దగ్గర అదే సంవత్సరపు 1 పటాకా నోటుంది, చాలా నలిగినది. దాని మీద వేలు పెట్టి రాస్తే ఇంకు గరుకుగా తగులుతుంది. ఈ కొత్తగా కొన్న నోటు మీద వేలు నున్నగా జారిపోయింది. యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేస్తే 1 పటాకా నోటు మసకగా ఉండిపోయింది, ఇది నీలంగా మెరిసింది. బట్టల సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే మందు అలాగే మెరుస్తుంది. 1945లో తయారైన కాగితంలో అది ఉండే అవకాశం లేదు.

మర్నాడు ఇక్కడ చాలా ఏళ్లుగా నోట్లు సేకరిస్తున్న మన పెద్దాయన ఒకరికి చూపించాను. ఆయన నోటును ముక్కు దగ్గర పెట్టుకుని, "బాబూ, వాసన చూడు, దీన్ని ఉతికారు" అన్నారు. తర్వాత తన 10 పటాకాల నోటు తీసి నాదాని మీద పరిచారు. పైనా, కుడివైపునా ఆయన నోటు అంచు నా నోటును దాటి బయటికొచ్చింది. చిరిగిన అంచులు కనపడకుండా కత్తిరించేశారు.

వారం తర్వాత మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. వాళ్లు నా రసీదే నాకు చూపించారు. అందులో చైనా భాషలో ఉన్నది 'పాత నోటు, ఒకటి' అని మాత్రమే. చేతులు మారనిదని గానీ, తిరిగి తీసుకుంటామని గానీ ఒక్క ముక్క లేదు. పైగా నగదు ఇచ్చాను. ఇక నా దగ్గర ఏం రుజువుంది?

కాబట్టి దయచేసి నోటు కవర్‌లోంచి తీయనివ్వకపోతే కొనకండి. మీ చేతులు తడి లేకుండా చూసుకుని, అంచులు పట్టుకుని చూస్తామని గట్టిగా అడగండి. ఊళ్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొనేవాళ్లయితే మామూలు ఫోటోలు చాలవు. నోటు వెనక లైటు పెట్టి ఒకటి, పక్క నుంచి వెలుతురు వేసి ఒకటి, స్కేలు పక్కన పెట్టి ఒకటి తీసి పంపమనండి. నిజాయితీగా అమ్మేవాళ్లు పంపుతారు. రసీదులో నోటు నంబరు, దాని స్థితి, తిరిగి తీసుకునే గడువు రాయించుకోండి. వెబ్‌సైట్ కమిషన్ మిగులుతుందని చెప్పి నేరుగా బ్యాంకు ఖాతాకు డబ్బు పంపమంటే అస్సలు ఒప్పుకోవద్దు.

గ్రేడింగ్ చేసిన (ఒక సంస్థ పరీక్షించి, స్థితికి మార్కులిచ్చి కవర్‌లో పెట్టిన) నోటని చూపించినా నిశ్చింతగా ఉండకండి. కవర్ మీదున్న సర్టిఫికెట్ నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోలోని నోటు, మీ చేతిలోని నోటు ఒకటేనా అని నంబరుతో సహా పోల్చండి. దొంగ కవర్లు కూడా తిరుగుతున్నాయి. యుద్ధకాలంలో బయటి నుంచి సరఫరా ఆగిపోయి మకావులోనే అచ్చువేసుకున్న 1944 నోట్లకు ఇంకా జాగ్రత్త కావాలి. వాటి ముద్రణ సాదాసీదాగా ఉంటుంది కాబట్టి, కొత్తవాళ్లకు అసలుదీ నకిలీదీ తేడా తెలియడం కష్టం.

అలా అని మడతలున్న నోటును చిన్నచూపు చూడకండి. నా 1 పటాకా నోటుకు ఒక మూల తెగింది, మధ్యలో గుండుసూది రంధ్రం ఉంది. కూరల బజార్లోనో పడవ రేవులోనో ఎన్ని చేతులు మారిందో. ఇప్పుడు నా దగ్గరున్నవాటిలో అదే నాకు ఎక్కువ ఇష్టం.

10 పటాకాల నోటును నేను అమ్మను. కవర్ లోపల ఒక చీటీ పెట్టాను: 'ఉతికినది, నొక్కినది, రెండు అంచులు కత్తిరించినది.' రేపు నా తర్వాత అది ఎవరి చేతికి వెళ్లినా, ఆ చీటీ కూడా దాంతోనే వెళ్లాలని మా అబ్బాయికి చెప్పి ఉంచాను.